రజనీకుమారి చెప్పిన సినిమా

రజనీకుమారి భిలాయి-3 అనే చోట రైల్వే క్వార్టర్లలో పుట్టింది. తండ్రి రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. విజయనగరం వైపు నుంచి వచ్చినవాడు, ఆదివారం చర్చి మాననివాడు. రేడియోలో సినిమా పాట వస్తే లేచి కట్టేసేవాడు. డాన్సు మాట ఎత్తడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం ఉండేది కాదు.

పక్క వాటాలో ఉండే పైడమ్మ ఆమె ఈడుదే. వాళ్ళ ఇంట్లో సినిమాలకు అడ్డు లేదు. పదిహేడో ఏట ఒక ఆదివారం మధ్యాహ్నం తెలుగు సంఘం హాల్లో ప్రొజెక్టరు పెట్టి నాట్యం సినిమా ఒకటి వేస్తున్నారని తెలిసింది. కుట్టుపని నేర్చుకోవడానికని చెప్పి ఇద్దరూ వెళ్ళారు.

కథ పెద్దదేమీ కాదు. నాట్యం నేర్పే మేష్టారికి ఒక కొడుకు. వాళ్ళ ఇంటి బట్టలు ఉతికేవాళ్ళ అమ్మాయి కిటికీ బయట నిలబడి చూసి నాట్యం నేర్చుకుంటుంది. ఇద్దరూ ప్రేమించుకుంటారు. మేష్టారు కొడుకును వేరే ఊరు పంపించేస్తాడు. ఏళ్ళు గడిచాక ఆమె పెద్ద నర్తకి అయి అతను ఉన్న ఊరు వస్తుంది. ఖాళీ వేదిక మీద ఇద్దరూ ఒక్కసారి కలిసి ఆడతారు. మర్నాడు ఆమె తన మేళంతో రైలెక్కి వెళ్ళిపోతుంది.

ఎవరు చెప్పారో, సినిమా సగంలో ఉండగా తండ్రి హాల్లోకి వచ్చాడు. పైడమ్మ మోచేత్తో పొడిచి చూపించింది. రజనీకుమారి తల దించేసుకుంది. ఆయన మాత్రం వెనక గోడకు ఆనుకొని అలాగే నిలబడ్డాడు. లైట్లు వెలిగేదాకా కదలలేదు.

బయటికొచ్చాక ఆయన సైకిలు నడిపించుకుంటూ ముందు నడిచాడు. రైలు గేటు దగ్గర గూడ్సు కోసం ఆగినప్పుడు అడిగాడు.

"ఆ పిల్లకి నాట్యం ఎవుడు నేర్పినాడే? నానొచ్చీసరికే ఆడతంది."

ఆమె భయపడుతూనే మొదటి నుంచి చెప్పింది. గూడ్సు వెళ్ళిపోయింది, గేటు లేచింది. ఆయన కదలకుండా విన్నాడు.

"ఆ పిల్ల ఎల్లకుండా ఉంటే బాగున్ను" అన్నాడు చివరికి. అంతే, తిట్టలేదు. ఇంట్లో రేడియో కట్టేయడం మానలేదు గానీ, ఆ ఒక్క సినిమా గురించి మాత్రం అప్పుడప్పుడు ఏదో ఒకటి అడుగుతుండేవాడు.

ఆమెకు ఉక్కు ప్లాంటు మెషిన్ షాపులో పనిచేసే మనోజ్‌కుమార్‌తో పెళ్ళయింది. కాపురం సెక్టర్ 7లో. కొత్తలో అతనికీ ఆ కథ చెప్పింది. డ్యూటీ దిగి వచ్చిన మనిషి సగంలోనే గురక పెట్టాడు. మంచివాడే, కానీ సినిమా పిచ్చి లేదు. కొడుకు అనిల్‌కుమార్ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఆమె ఒక ఆస్పత్రి ప్రసూతి వార్డులో ఆయాగా చేరి రిటైరయ్యేదాకా అక్కడే చేసింది. నొప్పుల కోసం ఎదురుచూస్తూ భయపడే ఆడవాళ్ళకు ధైర్యం చెప్పాలంటే ఏదో ఒకటి మాట్లాడాలి. ఆమె ఈ సినిమా చెప్పేది, హిందీలో. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు "ఫేర్ కా హోయిస్?" అని తర్వాత ఏమైందో అడిగేవారు. ముగింపు నచ్చక ఒకావిడ కోపంతో అటు తిరిగి పడుకుంది. అయినా రజనీకుమారి ముగింపు ఎన్నడూ మార్చలేదు.

మొన్నీమధ్య ఆ సినిమాను శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేశారు. భిలాయిలో ఆదివారం పొద్దుట ఒకే ఒక్క ఆట. పదో తరగతి చదివే మనవరాలు మేఘన ఫోన్లో అందులోని నాట్యం ముక్క చూసి వచ్చింది.

"మామ్మా, యే పిక్చర్ మనం చూద్దాం నా?"

"నీకు తెలుగు అర్థమౌద్దేటే?"

"మీరు బతా దేనా."

పైడమ్మకూ కబురు పెట్టారు. ఆమె ఇప్పుడు రుఆబాంధాలో ఉంటోంది. మోకాళ్ళ నొప్పులతోనే ఆటోలో దిగింది.

హాలు దాదాపు నిండింది. సగం మంది కుర్రాళ్ళే. తెర మీద హిందీ అక్షరాలేమీ పడలేదు. రజనీకుమారి మనవరాలి చెవిలో ఒక్కో మాటా హిందీలో చెప్పసాగింది. కాసేపటికి ముందు వరసలో కుర్రాడొకడు వెనక్కి తిరిగాడు. కసురుతాడేమోనని ఆమె నోరు మూసుకుంది.

"ఆంటీ, థోడా జోర్ సే బోలియే" అన్నాడు.

ఆమె గొంతు పెంచింది. ఇంటర్వెల్ తర్వాత వెనక వాళ్ళు కూడా దగ్గరికొచ్చి కూర్చున్నారు. తెలుగు వచ్చినవాళ్ళు ఎవరూ గొడవ పెట్టలేదు. ఖాళీ వేదిక ఘట్టం దగ్గరికి వచ్చేసరికి రజనీకుమారి చెప్పడం ఆపేసింది.

"ఆంటీ, క్యా బోలా?" అన్నాడు ఆ కుర్రాడు.

"కుఛ్ నహీఁ బోలా బేటా. నాచ్ రహే హైఁ" అంది, మాటల్లేవు, ఆడుతున్నారంతే అని.

మేఘన మామ్మ చేయి పట్టుకుంది.

బయట టీ బండి దగ్గర పైడమ్మ పాత వాదన మొదలుపెట్టింది. "అంత పేమ ఉండీ ఎల్లిపోనాదేటే! ఇప్పటికీ నాకు నచ్చదు."

"ఉండిపోతే ఆ మేష్టారింట్లో ఆడనిచ్చీవోరా?" అంది రజనీకుమారి.

"సహీ కియా ఉస్‌నే" అంది మేఘన, వెళ్ళిపోవడమే సరైన పని అన్నట్టు. ఇద్దరు ముసలివాళ్ళూ ఆమెకేసి చూశారు. పైడమ్మ, "ఈ కాలం పిల్లలింతే" అని టీ ఊదుకుంది.

తెలుగు సంఘం పనులు చూసే ఉమేష్ ఆ ఆటకు వచ్చాడు. మరుసటి నెల అదే సినిమా సంఘం హాల్లో వేస్తామనీ, రజనీకుమారి మైకులో హిందీ చెప్పాలనీ అడిగాడు. ఆమె రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ఆ రోజు మైకు చేతికి రాగానే ఒక్కో మాటా అప్పజెప్పినట్టు చెప్పసాగింది. ముందు వరస నుంచి పైడమ్మ కేక వేసింది.

"అలా పార్దన సదివినట్టు సెప్పకే! వార్డులో సెప్పినట్టు సెప్పు."

హాలంతా నవ్వింది. ఆమెకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత చివరిదాకా తడబడకుండా చెప్పింది. ఇప్పుడు ఉమేష్ వేరే సినిమాలకు కూడా రమ్మంటున్నాడు. తనకు తెలిసింది ఆ ఒక్కటేనని, మళ్ళీ అది వేస్తే పిలవమని ఆమె చెబుతోంది.