నేను అరవని వన్స్‌మోర్

మా పెదనాన్న కూతురు పద్యం ఎత్తుకునే ముందు ఎడమ చెవికి అరచెయ్యి ఆనించేది. ఒకసారి వలలు ఆరేసేచోట అందరిముందూ నన్ను “కప్పగొంతోడా” అన్నది. నేను మరిచిపోలేదు. పెదనాన్న వద్దన్నా వినక తను నాటకాల కంపెనీలో చేరడానికి ఇల్లు విడిచిననాడు మాత్రం, “మనూళ్లో నేను పాడినప్పుడు వన్స్‌మోర్ ముందు నువ్వే అరవాలబ్బయా” అని చేతిలో చెయ్యి వేయించుకుంది.

రెండేళ్లకు మా ఊళ్లోనే వేషం కట్టింది. “దానికి వన్స్‌మోర్ కొట్టినోడు నా పడవ ఎక్కే పన్లేదు” అన్నాడు పెదనాన్న. ఆ పడవ మీద బతికే జనం చేతులు కట్టుకు కూర్చున్నారు. పద్యం ముగించి ఆమె నావైపే చూసింది. హార్మోనియం శ్రుతి వదలకుండా కాచుకుంది. నేను పడవకు భయపడలేదు. పాత మాట గుర్తొచ్చి పళ్లు బిగించాను. ఆమె చెవి మీది చెయ్యి దించి లోపలికి వెళ్లిపోయింది.

కప్పగొంతు అన్నందుకు నాకిప్పటికీ కోపమే. ఆ గొంతుతోనైనా ఆరోజు ఒక్కసారి అరవాల్సింది.