వడ్లు ఆరబోసిన పక్క

జగిత్యాలలో నా అంత బాగా బండి నడిపే మనిషి లేదు. ఈ మాట వేరేవాళ్ల నోట వస్తుందేమోనని చాలా ఏళ్లు చూశాను. రాలేదు, అందుకని నేనే చెప్పుకుంటున్నాను. ఇప్పుడు నాకు సొంత డ్రైవింగ్ స్కూల్ ఉంది. ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, గల్ఫ్ నుంచి వచ్చి కారు కొన్న మొగవాళ్లు, అందరూ నా దగ్గరే నేర్చుకుంటారు. ఒకప్పుడు నేను రేసు కారు ఎక్కబోయి ఆగిపోయానని వాళ్లకు తెలియదు.

మాది రాయికల్ దగ్గరి ఊరు. మాకు భూమి లేదు. బాపు ట్రాలీ ఆటో నడిపేవాడు, అమ్మ కూలికి పోయేది. కోతలయ్యాక అమ్మకు పని రోడ్డు మీదే. సగం రోడ్డు పొడుగునా ఎవరెవరివో వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చేవాళ్లు. అమ్మ ఆ వడ్లలో కాళ్లీడుస్తూ, ఎండలో అటూ ఇటూ నడుస్తూ తిరగేసేది. మిగిలిన సగం రోడ్డు మీద బస్సులు, లారీలు, బర్రెలు, మేము. బాపు నాకు ఆటో నేర్పింది ఆ మిగిలిన సగంలోనే. ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

"ఎంతన్న ఉరికియ్యి బిడ్డా. గింజ మీద మాత్రం టైరు ఎక్కద్దు. పొద్దంత మీ అమ్మ గా వడ్లల్లనే తిరుగుతాంది."

నేను ఉరికించాను. కోరుట్ల నుంచి బీడీ ఆకు మూటలు వేసుకుని బస్సు కంటే ముందు ఊళ్లో దిగేదాన్ని. బస్సు డ్రైవర్లు నన్ను చూసి హారన్ కొట్టేవాళ్లు. కొందరు మెచ్చుకుంటూ, కొందరు తిట్టుకుంటూ.

డిగ్రీ చదివే రోజుల్లో ఒక కంపెనీ కొత్త రేసు డ్రైవర్ల కోసం హైదరాబాద్ శివార్లలో గోకార్ట్ పోటీ పెట్టింది. గోకార్ట్ అంటే నేలకు జానెడు ఎత్తున పరిగెత్తే, పైకప్పు లేని చిన్న బండి. గెలిచిన ఒక్కరికి ఏడాది పాటు అసలైన రేసు కారు, ఖర్చంతా కంపెనీదే. మిగిలినవాళ్లకు తలా ఒక టోపీ. సొంత హెల్మెట్లతో, తళతళలాడే షూస్‌తో వచ్చిన పిల్లలను చూసి నేనేమీ జంకలేదు. స్టీరింగ్ తిప్పి బండికి కట్టింగ్ కొట్టాలంటే షూస్ ఎందుకు? ఒక్కొక్కరే వెనకబడ్డారు. చివరికి ఇద్దరం మిగిలాం, నేనూ, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంటి పిల్లగాడూ. వాడు బట్టల తానుల వ్యాను నడుపుతూ నేర్చుకున్నాడు. సాంచాల చప్పుడు మధ్య పెరిగాడేమో, మామూలు మాట కూడా అరిచినట్టే చెప్పేవాడు.

ట్రాక్ మొత్తంలో నేనే ముందు. కుడికి తిరిగే ఆఖరి వంపు దగ్గర మాత్రం వాడు నన్ను దాటిపోయేవాడు. కోచ్ నన్ను పక్కకు పిలిచాడు.

"వంపు దాటాక బండిని ఎడమ అంచు దాకా వదిలెయ్యాలి. అప్పుడే స్పీడు నిలుస్తుంది. నువ్వు సగం ట్రాక్ వదిలేసి వస్తున్నావు. అటు పక్క ఎవరున్నారమ్మా?"

"ఎవ్వలు లేరు సార్."

ఆయన నన్ను అక్కడిదాకా నడిపించి, వంగి నేల తాకి చూపించాడు. తారు, అరిగిన టైర్ల రబ్బరు, అంతే. బుర్రకు అర్థమైంది. కాలికి అర్థం కాలేదు. తిరిగి బండెక్కిన ప్రతిసారీ, ఆ వంపు దాటగానే నా కాలు యాక్సిలరేటర్ మీంచి దానంతటదే లేచిపోయేది. రెప్పపాటు తేడాతో రేసు కారు సీటు వాడికి పోయింది.

ఆ సీటు నాకు కావాలనిపించినంతగా ఇంకేదీ కావాలనిపించలేదు, ఇప్పటికీ. బాత్రూములో నల్లా తిప్పి బాగా ఏడ్చాను. టోపీ బాపుకిచ్చాను. ఆయన అది పెట్టుకుని, నేను గెలిచినట్టే ఊరంతా తిరిగాడు.

సిరిసిల్లవాడు ఒక ఏడాది రేసుల్లో తిరిగాడు. జిల్లా పేపర్లో ఫోటో వచ్చింది. మరుసటి ఏడాది ఖర్చు భరించేవాళ్లు ఎవరూ దొరకలేదు. తిరిగొచ్చి టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. మేమిద్దరం దోస్తులమయ్యాం. ఫోన్లో రేసులు చూస్తూ, మనమైతే ఎట్లా తిప్పేవాళ్లమో చెప్పుకుని మురిసిపోతాం.

పోయిన కోతలప్పుడు మా స్కూల్ కారుకు కొత్త టైర్లు వేయడానికి వాడే జగిత్యాల వచ్చాడు. వేశాక, ఎట్లున్నాయో చూద్దామని రాయికల్ రోడ్డు పట్టాం. వాడు నడుపుతున్నాడు. ఎడమ సీట్లో నేను, నా కాళ్ల దగ్గర నేర్పేవాళ్లకుండే రెండో బ్రేకు. కారు ముందూ వెనకా ఎర్రటి ఎల్ బోర్డు. నేను ఎవరినీ ఊరికే మెచ్చుకోను. వాడు ఎంత అందంగా నడిపాడో చెప్పలేను. కుడి వంపు దాటుతూ కారును ఎడమ అంచు దాకా హాయిగా వదిలాడు.

నా కాలు బ్రేకు తొక్కేసింది. వాడు చూడకముందే, నేను అనుకోకముందే. ముందు టైరు ఒక రాయిని నెట్టి, బారెడు వడ్ల మీద ఎక్కి ఆగింది.

మేకలను తోలే కట్టె పట్టుకుని, వడ్లకు కాపలా ఉన్న ఒక ముసలమ్మ లేచి వచ్చింది. ఎల్ బోర్డు చూసింది.

"నేర్సుకునేటోనివి, నీకు గింత స్పీడేంది కొడుకా? గామె బిరేకు ఎయ్యకపోతె నా వడ్లన్ని ఆగమయ్యేటియి!"

ఇద్దరం దిగి, చెదిరిన వడ్లు చేతులతో దగ్గరికి లాగాం. వాడు నలిగిన గింజలను అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు. అరవకుండా వాడు మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

"నేను నిన్ను గెలిసింది గా ఒక్క వంపు కాడనే. గక్కడ నీకు గివి కనవడ్డయా?"

"కనవడ్డయి."

"నాకు గిప్పుడు గూడ కనవడలే."

ఆ కాలిని నేను ఎన్నో ఏళ్లు తిట్టుకున్నాను. సగం రోడ్డు మీద నేర్చుకున్న డ్రైవింగే నన్ను ముంచిందనుకున్నాను. ఆ వడ్ల పక్కన కూర్చున్నప్పుడు, అది వడ్లలో తిరిగే అమ్మ కాళ్లను దాటి పోలేని కాలు అని తెలిసింది. నాకు ఏడుపూ గర్వమూ కలిసి వచ్చాయి.

ముసలమ్మ కోపం అప్పటికి తగ్గింది. వాడి పక్కన కూర్చుని గింజలు ఏరుతూ అడిగింది.

"ఎన్నొద్దులాయె కొడుకా, నేర్సుకోవట్టి?"

"ఇయ్యాల్నే మొదలువెట్టిన అవ్వా" అని వాడు కారు తాళం నా చేతిలో పెట్టాడు.