సోమ్లన్న పావుగంట

భూపాలపల్లిలో మా తలుపుల కార్ఖానా ఆఫీసు గదికీ కోత షెడ్డుకూ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. రంపం కట్టెలో సాగుతున్నంతసేపూ ఒకే గొంతుతో మోగుతుంది. ఇవాళ పొద్దున అది ఒక్క క్షణం కీచుమంది. ల్యాప్‌టాప్ మీద తలుపులు బిగించే చౌకట్ల ధర కడుతున్న నేను చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాను. ఏమీ కాలేదు, దుంగలో ముడి తగిలిందట. మేడం కాలు ఒక్కచోట నిలవదని కోతపని వాళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకోనీ. సోమ్లన్నతో పనిచేసినప్పటి నుంచి ఆ శబ్దం వింటే కూర్చోవడం నా వల్ల కాదు.

చదువు అయిపోగానే జనగామ నుంచి మహబూబాబాద్‌కు, ఒక సామిల్లులో ఖర్చుల లెక్క కట్టే పనికి వెళ్ళాను. సోమ్లన్న అక్కడ పెద్ద కోతగాడు, గార్ల వైపు తండా మనిషి. ఇంటివాళ్ళతో ఫోనులో తమ భాషలో గలగలా మాట్లాడేవాడు గానీ మాతో మాటలు పొదుపుగా వాడేవాడు. దుంగను రంపం మీదికి ఎక్కించే ముందు దాని పక్కన గొంతుక్కూర్చునేవాడు. బాడిస వెనకతో తట్టేవాడు, బెరడు గీరేవాడు, ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేత్తో తడిమేవాడు. తెచ్చినవాణ్ణి పిలిచి ఆ చెట్టు ఎక్కడ నిలబడ్డదో అడిగేవాడు, చేను గట్టునా, ఇంటి ముందా, బాట పక్కనా అని. దయ్యాన్ని కట్టెయ్యడానికి వేపకు మేకు కొట్టేవాళ్ళున్నారు, దండేనికి కొట్టేవాళ్ళున్నారు. ఏళ్ళు గడిచేసరికి బెరడు పెరిగి ఆ ఇనుమును మింగేస్తుంది. ఒక్కో దుంగకు ఇలా పావుగంట పట్టేది. అంతసేపూ నాకు ఒంటి మీద చీమలు పాకినట్టుండేది. ఆలస్యం అమృతం విషం అని మా బాపు రోజుకు నాలుగుసార్లు అనే ఇంట్లో పెరిగినదాన్ని మరి.

ఆ ఎండాకాలం బడి తలుపుల చౌకట్లకు పెద్ద ఆర్డరు వచ్చే వీలుందని, ధర వేయమని మిల్లు సేటు చెప్పాడు. అది దక్కకపోతే మిల్లు మూసుకోవడమేనన్నాడు. కట్టె, పొట్టుగా పోయే భాగం, కరెంటు, కూలి, రంపం అరుగుదల అన్నీ కలిపి ఎక్సెల్‌లో ఒక నమూనా కట్టాను. ఏ అంకె మార్చినా చౌకటు ధర దానంతటదే మారేది. మిల్లంతా నా వేళ్ళ కింద ఉన్నట్టు మహా గర్వంగా ఉండేది. రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేసిన వేప, చింత దుంగలు నెల్లికుదురు దగ్గర వేలంలో చవకగా దొరికాయి. అయినా ధర కాస్త ఎక్కువే తేలుతోంది. ఎక్కడ తగ్గించాలా అని వెతికితే సోమ్లన్న పావుగంట కనిపించింది. ఆ గడిలో సున్నా పెట్టాను. ధర దిగింది, ఆర్డరు వచ్చింది.

ఇక దుంగలు తడుముతూ కూర్చోవద్దని సోమ్లన్నకు చెప్పింది నేనే.

"బాట మీది చెట్లు బిడ్డా గివి. బోర్డులన్ని వీటికే కొట్టిండ్రు. జర చూస్కోనియ్," అన్నాడు.

లెక్కలో అంత సమయం లేదన్నాను. ఆయన నా ముఖం వైపు ఒకసారి చూసి రంపం దగ్గరికి వెళ్ళిపోయాడు. మూడో రోజు మధ్యాహ్నం రంపం కీచుమంది. నేను కుర్చీలోంచి లేచేలోగా బ్లేడు తెగి కొరడాలా ఎగిరింది. పక్కనున్నవాణ్ణి నెట్టేసిన సోమ్లన్న కుడి అరచేతిలో నరాలు తెగాయి. దుంగలో ఏదో బోర్డుకు కొట్టిన మేకు, దాని చుట్టూ నల్లబడిన కట్టె. తప్పు ఎవరిదని సేటు అడిగాడు.

"తడమలే సేటూ. తొందరపడ్డ," అన్నాడు సోమ్లన్న.

నేను పక్కనే ఉన్నాను. ఆ సున్నా సంగతి చెప్పకుండా ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాను. వారం రోజులు ఒకచోట కూర్చోలేకపోయాను. ఎనిమిదో రోజు సేటుకు ఆ సున్నా నాదేనని చెప్పేశాను. ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. దవాఖాన ఖర్చు, కూలి మిల్లే ఇస్తుందని, ముందు ఆ లెక్క సరిచేయమని అన్నాడు. నన్ను పనిలోంచి తీసేసి ఉంటేనే నయమనిపించింది.

కొన్ని నెలలకు సోమ్లన్న మిల్లుకు వచ్చాడు. కుడి అరచెయ్యి పూర్తిగా తెరుచుకోవడం లేదు. నేను ఏడుస్తూనే ల్యాప్‌టాప్ తిప్పి చూపించాను. కూలి కింద కొత్త వరుస, 'సోమ్లన్న పావుగంట'. చదివి వినిపించమన్నాడు.

"నా పేరు తీసెయ్ బిడ్డా."

కోపం వచ్చిందనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నా పేరుంటే నేను పోంగనే తీసేస్తరు. దుంగ పేరు మీద రాయ్. దుంగలు యాడికి పోవు."

మిల్లులు మారినా ఆ వరుస నాతోనే వస్తోంది, 'దుంగ తడమడానికి' అనే పేరుతో. లెక్క ఎంత చక్కగా కుదిరితే నాకు అంత గుబులు, లేచి షెడ్డులోకి పోతాను. ఇవాళ మధ్యాహ్నం కొత్తగా వచ్చిన మేనేజరు నా లెక్క చూసి, ఈ పావుగంట దండగ కదా, తీసేద్దామా అని అడిగాడు. నేను వాదించలేదు. షెడ్డులోకి తీసుకెళ్ళి, ఒక వేప దుంగ పక్కన కూర్చోబెట్టి, ఆయన కుడి అరచేతిని దాని మీద పెట్టించాను.