ఘాటు కింద తీసిన గాలి

1962 ఎండాకాలంలో టైర్ల కంపెనీ నన్ను కరీంనగర్ నుంచి ఆసిఫాబాద్‌కు పంపింది. నా హోదా సర్వీసు మేస్త్రీ. అంటే మా టైర్లు వాడే బస్సుల దగ్గరికి పోయి, అవి ఎందుకు చెడుతున్నాయో చూసి చెప్పడం. నా చదువు నాలుగో తరగతి. మిగిలిందంతా ఇంజనీర్ల వెంట తిరిగి నేర్చుకున్నదే.

జైనూర్ పోయే బస్సు టైర్లు తరచూ పేలుతున్నాయి. డ్రైవర్ పోశన్న నాకంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు. కెరమెరి కొండ ఎక్కే ఘాటు రోడ్డు మీద ఒకసారి టైరు పేలి, బస్సు లోయ అంచున ఆగింది. ఇంకొకటి పేలితే అతన్ని స్టీరింగు మీంచి దింపేస్తామన్నారు పైవాళ్ళు. టైర్లే నాసిరకమని అతని వాదన.

నేను వచ్చిన మరునాడు ఆ బస్సులోనే కూర్చున్నాను. అడవిలో ఇప్పపూల వాసన. టేకుచెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. ఎండకు రోడ్డు నీళ్ళలా కదులుతుంటే బస్సు దాని మీద తేలిపోతున్నట్టుండేది. కిటికీకి తల ఆనించిన వాళ్ళందరికీ కళ్ళు మూతలు పడ్డాయి.

వాగు దగ్గర బస్సు ఆగింది. పోశన్న దిగి, వెనక జంట టైరు వాల్వులో పుల్ల గుచ్చి గాలి వదలసాగాడు. అన్నా, ఇదేం పని అని అడిగాను.

“కుండల నీళ్ళు మసిలితే మూత తీస్తమా లేదా మేస్త్రీ? ఎండకు గాలి ఉబ్బుతది. జర తీస్తే పేలది. మొన్న పేలినకాడి నుంచి ఇంకింత ఎక్వ తీస్తున్న.”

అక్కడే నాకు సంగతి తెలిసింది. గాలి తగ్గిన టైరు బరువుకు నలిగి, లేచి, మళ్ళీ నలుగుతుంది. ఇనుపతీగను అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టు ఆ నలుగుడుకే టైరు లోపల కాలుతుంది. జనాన్ని కాపాడాలని అతను చేసే పనే టైరును పేలుస్తోంది. ఇంజనీరు చెప్పిన ఈ మాటే చెప్పాను. నమ్మలేదు.

“మసిలే కుండకు మూత బిగించుమన్నట్టు చెప్తున్నవ్,” అని నవ్వాడు.

సరే, ఎడమ జంటకు నీ లెక్క, గాలి తియ్యి; కుడి జంటకు నా లెక్క, ముట్టకు అన్నాను. ఘాటు ఎక్కకముందే ఆగి రెండువైపులా చేయి పెట్టి చూడాలన్నది నా షరతు; ఒప్పుకున్నాడు. బుట్టతో కూర్చున్న అవ్వ కిటికీలోంచి, “మీ పంచాయితి తెగేసరికి మా సంత లేస్తది బిడ్డా,” అంది.

ఘాటు మొదట్లో చెట్టునీడన బస్సు ఆపించాను. పోశన్న కుడి టైరు పక్కన అరచేయి ఆనించాడు, అలాగే ఉంచాడు. ఎడమవైపు వచ్చి ఆనించి, వెంటనే చేయి లాక్కున్నాడు. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ లాక్కున్నాడు. తల ఎత్తి ఘాటు మలుపుల వైపు చూశాడు.

“ఇన్నొద్దులు జనాన్ని నిప్పుల మీద కూసోవెట్టి తీస్కపోయిన్నా?”

టైర్లు చల్లారేదాకా అందరం నీడలో కూర్చున్నాం. తరువాత పోశన్న చేతిపంపు తీశాడు. సంతకు పోయేవాళ్ళు తలా కాసేపు కొట్టారు. గాలి కొలిచే గేజి పెట్టి నేను చాలన్నాక బస్సు కదిలింది. ఆ మలుపుల్లో కూడా జనం మళ్ళీ నిద్రపోయారు. పోశన్న ఒక్కడే మేలుకొని, బండిని పసిబిడ్డను ఎత్తుకున్నంత మెల్లగా పైకి తీసుకుపోయాడు.

అటు తరువాత అతను పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలిపించేవాడు. మధ్యాహ్నం వాల్వు ముట్టనివ్వలేదు. ఆ బస్సు టైర్లు నా దగ్గరికి వస్తూనే ఉండేవి, కానీ అరిగి వచ్చేవి, పేలి కాదు.

నేను నేర్చుకున్నది ఇంతే. మంచి టైరు చేసి అమ్మడంతో కంపెనీ పని తీరదు. దాన్ని నడిపేవాడి భయమేమిటో ముందు కనుక్కోవాలి. తరువాత చెప్పే మాట అతని చేతికే తగలాలి.