అవ్వకి కొడుకు లేని ఏడాది

…అందుకే నాకు ఏడుపు రాలా, భయమొచ్చింది. మా నాయిన వాళ్ళమ్మ, మా అవ్వ, బేస్తవారం తెల్లారి ఆయాసం ఎక్కువై కుర్చీలోనే పోయింది. చూడంగానే నా మనసులోకి వచ్చిందేందంటే, ఇంక ఆ అబద్ధాన్ని నేనొక్కదాన్నే మొయ్యాలని.

ఇది మీరు చదివితే బయటికి చదవొద్దు. ఇంగ్లీషులో రాస్తే నాయిన చదివేస్తాడు, అరవంలో రాస్తే ఇల్లంతా చదివేస్తారు. మా ఇంట్లో తెలుగు చదివేది అవ్వ ఒక్కతే, నాకు నేర్పింది గూడా ఆమే.

పోయినోళ్ళని మంచోళ్ళనాలంట. మా అవ్వ మంచిది కాదు. నా ఫ్రెండ్ మొదటిసారి ఇంటికొస్తే, "ఏమ్మే, ఇంత లావుండావు, మీ ఇంట్లో మిగతావాళ్ళు గూడా తింటారా?" అనింది. ఆ పిల్ల మళ్ళా రాలేదు.

నాయినకి చూలై పేటలో ఇనుము చెక్కే లేత్ మిషన్ల షెడ్ ఉండాది. అన్నం తింటా టీవీ చూస్తా రోజూ ఒకటే పాట. "ఫ్రీ బస్సు, ఫ్రీ బియ్యం! ఇట్లా ఇచ్చి ఇచ్చి జనాన్ని సోమరిపోతుల్ని చేసేసినారు. పనికి ఒక్కడూ రాడు."

"నీ కొత్త మిషన్‌కి గవర్మెంటు ఇచ్చిందేందిరా?" అనింది ఒకరోజు అవ్వ, మూల నుంచి.

"అది సబ్సిడీ మా. తెలీకుంటే ఊరుకో."

"ఓహో! ప్యాంటేసుకుంటే సబ్సిడీ, చీర కట్టుకుంటే బిచ్చం."

నాయిన లేచి ఆమె ముందర కంచం తీసుకోనిపోయి సింకులో పడేసినాడు. ఇంకా సగం అన్నం ఉండింది. అమ్మ టీవీ సౌండు పెంచింది.

అవ్వకి నోట్లో కొట్టుకునే పంపు మందు కావాల. అది అయిపోతే షెడ్‌కి పోయి అడగాల, ఇంట్లో అడిగితే ఇయ్యడు. ఒకసారి తోడు పోయినాను. పనోళ్ళ ముందర నిలబెట్టి, "గట్టిగా అడుగుమా, మిషన్ సౌండులో వినపడలా" అన్నాడు. ఊపిరాడని మనిషిని. పనోళ్ళు నవ్వినారు, ఓనరు నవ్వితే నవ్వాల గదా.

మా స్కూల్లో మిస్ చెప్పింది, ఫారిన్ మాదిరి మన దేశంలో ముసలోళ్ళకి గవర్మెంటు అక్కర్లేదు, ఫ్యామిలీనే చూసుకుంటాది, అదే మన గొప్ప అని. క్లాసంతా చప్పట్లు. నేనొచ్చి అవ్వకి చెప్పినాను. అవ్వ నవ్వీ నవ్వీ దగ్గింది. "ఆ మిస్సుని మీ నాయిన షెడ్‌కి పంపించు. పంపు అడగమను."

ఎవురైనా దేశం గురించి గొప్పగా మాట్లాడితే వెనకాల అవ్వ ఒక ప్రశ్న పెట్టేది. దేశం ముందుకి పోతా ఉండాదంటే, "ఎవురి మింద ఎక్కి?" నాకు చదువులో ఇంతకంటే పెద్దది ఎవురూ నేర్పించలా. క్లాసులో నోటిదాకా వస్తాది. బయటికి రాదు.

సంపాదించే కొడుకుంటే ముసలోళ్ళ పెన్షన్ రాదంట. ఆ కొడుకు పెడతాడా లేదా అని మాత్రం ఎవురూ అడగరు. అందుకని అవ్వ కొడుకు లేడని రాయించింది. విచారించేదానికి ఆఫీసు మనిషి వచ్చినప్పుడు ఇంట్లో మేమిద్దరమే. ఆయన అవ్వని నమ్మలా. నా పక్క తిరిగి "అప్పా ఎంగే?" అన్నాడు, మీ నాయిన ఏడని.

"ఎరందుట్టార్ సార్." చచ్చిపోయినాడని చెప్పేసినాను.

అవ్వ కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చింది. నిజం కన్నీళ్ళే. ఆయన మెట్లు దిగిపోయినాక మొహం తుడుచుకోని, "బాగా చెప్పినావే. ఒక్క నిమిషం నేనే నమ్మేసినాను. ఎంత హాయిగా ఉండిందో!" అనింది.

ఆ ఏడాది అవ్వ షెడ్‌కి పోలేదు. వేలిముద్ర మిషన్ పెట్టుకోని పక్క వీధి టీ కొట్టు దగ్గర కూచునే అక్క దగ్గర పెన్షన్ డబ్బులు తీసుకోని, పంపు కొనుక్కోని, ఆడనే నిలబడి బజ్జీలు తినేది. నాకు ఒక్కటి గూడా పెట్టలా. "నీకు నాయినుండాడు గదా, పో, అడుక్కో" అనేది. ఇంత సంతోషంగా ఎవురైనా తినడం నేను మళ్ళా చూళ్ళేదు.

నాయిన సావు బ్రహ్మాండంగా చేసినాడు. డప్పులు, టపాకాయలు, పూల బండి. ఆ పూలకి ఎన్ని పంపులొచ్చేవో నేను లెక్క వెయ్యను. వీధి వీధికీ కన్నీర్ అంజలి పోస్టర్లు. పైన అవ్వ ఫొటో చిన్నగా, కింద నాయిన ఫొటో పెద్దగా, దండం పెడతా, పేరుతో సహా "అన్బు మగన్" అని. ప్రేమగల కొడుకంట. అవ్వుంటే "చచ్చినోడు ఫొటోలో బాగుండాడే" అనేది.

ఒకటి టీ కొట్టు గోడకి గూడా అంటించినారు. ఆ అక్క వీపు ఆనించుకోని కూచునే గోడకే. నిన్న దూరం నుంచి చూసినాను. ఆమె వెనక్కి తిరిగి చదవతా ఉండింది, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం. నాయినకి తెలిస్తే నన్ను చదువు మాన్పించి షెడ్‌లో కూచోబెడతాడు. ఊరికే అనడంలా, అమ్మని పుట్టింటికి పోకుండా ఆపిన మనిషి

తలుపు కొడతా ఉండారు. తలుపు కింద సందులో రెండు జతల కాళ్ళు. ఒకటి నాయినది. ఇంకోటి ఆడమనిషి చెప్పులు.

"తలుపు తియ్యి పాపా," అంటా ఉండాడు. అరవడంలా, మెల్లిగా అంటా ఉండాడు. "ఎవురో వచ్చుండారు. నేనెప్పుడు చచ్చిపోయినానో నిన్నే అడగాలంట."

పేజీలు చొక్కాలో పెట్టుకుంటా ఉండా. చెమటకి అంటుకుంటా ఉండాయి