ఇంజనుగది ముసలాయన ఎలా పడుకున్నాడంటే

ఆ వీధిలో పిల్లలందరికీ ఆయన రాకెట్ తాతయ్య. వాళ్ల నాన్నలకి రాకెట్ బాబాయ్. ఆసుపత్రి బాయిలర్ గదిలో పనిచేసినన్నాళ్లూ తోటివాళ్లకి ఉత్త రాకెట్. ఒక్కసారి కూడా విమానం ఎక్కని మనిషికి ఆ పేరెలా వచ్చిందంటే, అంతా టీవీ చలవ.

ఆయన పడుచువాడిగా ఉన్న రోజుల్లో శనివారం సాయంత్రాలు ‘దారి తప్పిన నౌక’ అని ఒక సీరియల్ వచ్చేది. సొంత గ్రహం పాడైపోతే, బతకడానికి ఇంకో నేల వెతుక్కుంటూ చుక్కల మధ్య తిరిగే ఓడ కథ. నిజం చెప్పుకోవాలంటే అంత గొప్పగా ఏమీ తీయలేదు. ఓడ అట్టముక్కలది. మీటలు సీసా మూతలు. వేరే గ్రహంవాళ్ల రబ్బరు చెవులు ఒక వారం ఎడంవైపు ఊడితే ఇంకో వారం కుడివైపు ఊడేవి. ఇవన్నీ ఆయనకి అందరికంటే బాగా తెలుసు. తెలిసీ, కళ్లలో వత్తులు వేసుకుని శనివారం కోసం ఎదురుచూసేవాడు.

అందరూ కెప్టెన్ కోసం చూసేవారు. ఈయన మాత్రం ఇంజనుగది ముసలాయన కోసం చూసేవాడు. వారానికి రెండు ముక్కలు మాట్లాడితే గొప్ప, ఆ ముసలాయన. పైన కెప్టెన్ చుక్కల్ని చూస్తూ ఉపన్యాసం ఇస్తుంటే, కింద ముసలాయన మసిగుడ్డ భుజాన వేసుకుని ఆవిరి గొట్టాల మధ్య వంగి తిరుగుతుండేవాడు. “ఇంకొంచెం వేగం కావాలి” అని పైనుంచి కేక. “చూస్తాను” అని కిందనుంచి జవాబు. రాకెట్‌గారి బతుకూ అచ్చం అదే. ఆసుపత్రిలో దుప్పట్లు ఉడికేది, వంటశాలలో గంగాళాలు మరిగేది ఆయన పంపే ఆవిరితోనే. పైఅంతస్తుల్లో ఒక్కరికీ ఆయన ముఖం తెలియదు. ఆవిరి తగ్గినప్పుడు మాత్రం అందరికీ గుర్తొచ్చేవాడు. అలాంటివాడు టీవీలో కనిపించేసరికి, చుట్టం దొరికినట్టయింది.

బాయిలర్ పనిలో ఒక నియమం ఉంది. తర్వాతి షిఫ్టువాడు వచ్చి, అద్దపు గొట్టంలో నీటిమట్టం తన కళ్లతో చూసుకుని, “సరే, వెళ్లు” అనేదాకా ఉన్నవాడు కదలకూడదు. ఇల్లు కూలిపోతోందన్నా సరే. సీరియల్ ఆఖరి భాగం వచ్చిన శనివారం ఆ తర్వాతి షిఫ్టువాడు రాలేదు. బస్సు చెడిపోయిందట. రాకెట్‌గారు గడియారాన్నీ గుమ్మాన్నీ చూసి చూసి ప్రాణం ఉసూరుమని, ఆసుపత్రి ఫోన్‌లోంచి ఇంటిపక్క కిరాణా కొట్టుకి ఫోన్ చేసి భార్యని పిలిపించాడు.

“ఏమోయ్, నేను రాలేను. నువ్వు చూడు. మొత్తం చూసి నాకు చెప్పు. ముసలాయన ఏమయ్యాడో మాత్రం జాగ్రత్తగా చూడు.”

“సరేనండీ” అంది ఆవిడ.

ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. పొద్దస్తమానం మెషిన్ ముందు మెడ వంచి కూర్చుని, ఇంటికొచ్చి వంట చేసి, జ్వరంతో ఉన్న కూతుర్ని భుజాన వేసుకుని తిరుగుతున్న రోజులవి. ఆ సీరియలంటే ఆవిడకి అణువంత ఇష్టం లేదు. అయినా మొగుడు అడిగాడు కదా అని టీవీ పెట్టుకు కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఆయన చెప్పులు కూడా విప్పకుండా “ఏమైంది?” అన్నాడు.

ఆవిడ చెప్పింది. ఓడకి నేల దొరికిందట. పచ్చగా ఉందట. అందరూ సామాన్లు సర్దుకుని, ఒకరినొకరు పిలుచుకుంటూ దిగిపోయారట. ముసలాయన మాత్రం దిగలేదట. ఖాళీ ఓడలో గదిగదికీ వెళ్లి, దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చాడట. చివరికి ఇంజను కూడా ఆపేసి, బూట్లు విప్పి, కాళ్లు బారచాపి పడుకున్నాడట. “అంతేనండీ. ఎవరూ లేపలేదు.”

రాకెట్‌గారికి కళ్లనీళ్లు తిరిగాయి. ఇంతకంటే మంచి ముగింపు ఎవడు రాయగలడు అన్నాడు. బాయిలర్ గదిలో చెప్పాడు, టీ కొట్టులో చెప్పాడు, ఎవరూ అడగకపోయినా చెప్పాడు. కూతురు అన్నం తిననని మారాం చేస్తే ఆ కథే చెప్పి తినిపించాడు. “దీపాలన్నీ ఆర్పేశాక, నాన్నా?” అని అది అడిగేది. “బూట్లు విప్పాడు” అని ఈయన అనేవాడు.

కొన్నేళ్లు గడిచాయి. ఒకరోజు టీవీలో బొమ్మ రావడం మానేస్తే రిపేరు కొట్టుకి మోసుకెళ్లాడు. ఆ మెకానిక్కూ ఇలాంటి బాపతే. ఎవరో రికార్డు చేసుకున్న ఆఖరి భాగం క్యాసెట్టు అతని దగ్గరుంది. “చూస్తావా, రాకెట్?” అన్నాడు. ఇద్దరూ చెడిపోయిన టీవీల మధ్య స్టూళ్లేసుకుని కూర్చున్నారు.

మొదలైన కాసేపటికే ముసలాయన చచ్చిపోయాడు. ఏదో గొట్టం పగిలింది, ఇనుప తలుపు ధడేల్‌మని మూసుకుంది, కెప్టెన్ “మంచివాడు” అని ఒక్క ముక్క అని మళ్లీ చుక్కల్ని చూడసాగాడు. ఆ తర్వాత ఆయన మాటే లేదు. ఓడకి నేలా దొరకలేదు. చివర్న పెద్ద వెలుగేదో వచ్చి, అందరూ కథ మొదలైన చోటే నిద్రలేచారు. అయిపోయింది.

“చెత్తగా తీశారు” అన్నాడు మెకానిక్.

రాకెట్‌గారికి ముందు ఆ రాసినవాళ్ల మీద మండింది. నాలుగడుగులు వేశాక, భార్య మీద మండింది. అంటే ఆవిడ చూడనే లేదు. ఊరంతా తను చెప్పుకు తిరిగింది ఆవిడ నోటికొచ్చిన కథ. ఇవాళ అటో ఇటో తేల్చేస్తానని విసవిసా ఇంటికి నడిచాడు.

ఇంట్లో ఆవిడ గోడకి ఆనుకుని, కూతురి స్కూలు గౌనుకి బొత్తాం కుడుతూ కుడుతూ నిద్రపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. సూది వేళ్ల మధ్యే ఉంది. స్టవ్ మీద ఏదో సన్నమంట మీద ఉడుకుతోంది.

ఆయన తిట్టబోయి, ఆ సూది వంక చూశాడు. ఆ శనివారం ఏం జరిగిందో కళ్లకి కట్టినట్టు తెలిసింది. పిల్లని పడుకోబెట్టి, టీవీ ముందు కూర్చుని, ఇలాగే ఒరిగిపోయి ఉంటుంది. పొద్దున మొగుడు వచ్చి అడిగితే ఏదో ఒకటి చెప్పాలి. చెప్పింది. తనకేం కావాలో అదే చెప్పింది. అందరూ వెళ్లిపోవాలి, దీపాలార్పెయ్యాలి, చెవిలో మోగే మెషిన్ ఆగిపోవాలి, కాళ్లు చాపుకోవాలి, ఎవరూ లేపకూడదు. ఇన్నేళ్లూ ఆ ముగింపు ఎంత బాగుందో అని మురిసిపోయాడే కానీ, పక్కనే ఉన్న మనిషి ఎంత అలిసిపోయిందో ఆయనకి తట్టలేదు. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. సూది మెల్లగా తీసి దారపు ఉండకి గుచ్చి, స్టవ్ కట్టేశాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

అలా ఎత్తకుండానే ఇద్దరికీ వయసు మీదపడింది. ఆయన రిటైరయ్యాడు. మోకాళ్లు మెట్లు చూస్తేనే భయపడుతున్నాయి. ఆవిడకి మెడ ఒకవైపు తిరగదు. సీరియల్ మీద ఇష్టం పోలేదు కానీ, అదీ ముసలిదైపోయింది. ఫోన్‌లో అభిమానుల గుంపులో కుర్రకారు ఓడ వేగం గురించి కొట్టుకుంటుంటే, ఒకప్పుడు చెవులు నిక్కబొడుచుకుని దూరేవాడు, ఇప్పుడు చదివి ఫోన్ పక్కన పడేస్తున్నాడు. ఎంత ఇష్టమైనా ఇన్నేళ్లు మోస్తే బరువే అనిపిస్తోంది.

అలాంటి సమయంలో కూతురు ఫోన్ చేసింది. అదిప్పుడు నర్సు.

“నాన్నా, నీ నౌక మొత్తం ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది! బొమ్మ శుభ్రం చేసి పెట్టారు. ఆదివారం వచ్చి మన టీవీలో పెడతాను. ఆఖరి భాగం నువ్వు చూడనే లేదుగా పాపం. అందరం కూర్చుని చూద్దాం.”

స్పీకర్‌లో ఆ మాట విని ఆవిడ చేతిలో గ్లాసు బల్లమీద కాస్త గట్టిగానే పెట్టింది. “ఇప్పుడెందుకే ఆ పాత గోల” అంది.

ఆ వారమంతా ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు. టీవీ కళ్లకి మంచిది కాదంది. కరెంటు బిల్లంది. ఆదివారం ఎవరినో చూడ్డానికి వెళ్లాలంది, ఎవరిని అంటే చెప్పలేకపోయింది. కూతురి ముందు, తనని నమ్మి ఇన్నేళ్లు ఊరేగిన మొగుడి ముందు, అబద్ధం బయటపడుతుందని ఆవిడ భయం. ఆయనకి అది అరటిపండు ఒలిచినట్టు కనబడుతోంది. పోనీ నాకు తెలుసులే అనేద్దామా అంటే, తెలిసి ఇన్నేళ్లు నటించావా అని ఆవిడ ఇంకా కుంగిపోతుంది. చూడనంటే, టీవీకి అంటుకుపోయిన రాకెట్ చూడననడమేమిటని కూతురు ఆరా తీస్తుంది. ఆవిడ పరువు ఎలా కాపాడాలో తెలియక ఆయనకి తల తిరిగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం కూతురు వచ్చి, పరదాలు వేసి, టీవీ పెట్టింది. పాత సంగీతం మొదలైంది. ఆవిడ చీర కొంగు వేళ్లకి చుట్టుకుంటూ సోఫా అంచున కూర్చుంది. పేర్లు పడుతుండగానే రాకెట్‌గారు తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని గురక అందుకున్నాడు.

“నాన్నా! ఇదేంటి, ఇప్పుడు నిద్రేంటి?”

“లేపకే” అంది ఆవిడ గభాల్న. “రాత్రంతా కాళ్లు పీకి నిద్రపోలేదు. పడుకోనీ.”

“అయితే మనిద్దరం చూద్దామా?”

“ఆయన లేకుండా మనకెందుకే?”

“అదీ నిజమే. ఆ అట్టముక్కల ఓడ చూసే ఓపిక నాకెక్కడిది! నాన్న కోసం వచ్చాను గానీ.” కూతురు బొమ్మ ఆపేసి, రిమోట్‌లో ఏది నొక్కాలో తల్లికి చూపించింది. “లేచాక పెట్టు. నాకు డ్యూటీకి టైమవుతోంది.” తండ్రి కాళ్లమీద దుప్పటి కప్పి వెళ్లిపోయింది.

గండం గట్టెక్కింది అనుకున్నాడాయన. ఒక క్షణమాగి లేద్దామనుకున్నాడు. అంతలో మళ్లీ సంగీతం వినబడింది. సన్నగా, గొంతు తగ్గించి. ఆవిడే పెట్టింది.

ఆయన గురక పెడుతూనే విన్నాడు. గొట్టం పగిలింది. తలుపు ధడేల్‌మంది. “అయ్యో” అంది ఆవిడ. కెప్టెన్ “మంచివాడు” అన్నాడు. “నీ మొహం! అంతేనా?” అంది. వెలుగు వచ్చి అందరూ నిద్రలేచి, సంగీతం ఆగి, టీవీ కట్టేసిన చప్పుడయింది. ముక్కు చీదిన శబ్దం ఒకటి వినబడింది.

ఇంక ఉండబట్టలేక ఆయన ఆవులించి కళ్లు తెరిచాడు. బయట చీకటి పడుతోంది.

“అయిపోయిందా? నిద్ర పట్టేసిందోయ్. ఏమైంది?”

ఆవిడ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది.

“నేనప్పుడు చెప్పిందేనండీ” అంది. “నేల దొరికింది. అందరూ దిగిపోయారు. ఆయన ఒక్కో దీపమే ఆర్పుకుంటూ వచ్చాడు.”

“తర్వాత?”

“ఇంజను ఆపేశాడు. బూట్లు విప్పాడు. కాళ్లు చాపుకున్నాడు.” ఆవిడ రిమోట్ పక్కన పెట్టింది. “అయినా ఏవండీ, మీకు గురక ఎప్పట్నించి?”

ఆయన మోకాళ్లు పట్టుకుని లేచి, వంటింట్లోకి వెళ్లి స్టవ్ చూశాడు, దీపం ఆర్పాడు. నడవలో దీపం ఆర్పాడు. గుమ్మం దగ్గర దీపం ఆర్పి తిరిగొచ్చేసరికి, ఆవిడ స్టూలు మీదకి కాళ్లు చాపుకుని, మెడ నొప్పిలేని వైపుకి వాల్చి, నిజంగానే నిద్రపోయింది.

ఆయన దుప్పటి తెచ్చి కప్పాడు. కూతురి దగ్గర్నించి ఫోన్ మోగితే, మొదటి గంటకే నొక్కి ఆపేశాడు. లేపలేదు.