కుండీలో గుచ్చిన ఇంటిపేరు

వదులుకున్న ఇంటిపేరు ఏమవుతుంది? పెళ్లయి పాస్‌పోర్టు మార్చుకున్న నాటి నుంచీ ఈ ప్రశ్న నాతో ఉంది. పెద్ద బాధేమీ కాదు. కూర్చోబెట్టి ఎవరినీ అడిగేంతదీ కాదు. అడగకుండానే అర్థం చేసుకున్న మనిషి ఒక్కరే దొరికారు, మా పక్కింటి పెద్దాయన. ఆయన పది రోజుల కిందట, ఆదివారం ఉదయం చనిపోయారు.

కబురు వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దానికి పైన ఉన్న మెసేజు, పండగ వారంలో చెత్తడబ్బాలు ఏ రోజు బయట పెట్టాలని. రెండూ చదివాను. ఫోను పక్కన పెట్టి డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దాను. కడిగినవే మళ్లీ పెడుతున్నానని మా అమ్మాయి చెప్పేదాకా తెలియలేదు. ఇప్పటికీ ఏడుపు రాలేదు. వస్తుందని ఎదురుచూస్తున్నానేమో, అదీ తెలియడం లేదు.

కాలిఫోర్నియాలోని ఈ డబ్లిన్‌లో ఇల్లు కొనుక్కున్న కొత్తలో, విజయవాడ నుంచి మా అక్క పంపిన పచ్చళ్ల పార్సిల్ పొరపాటున ఆయన గుమ్మంలో పడింది. అక్క అలవాటు కొద్దీ నా పుట్టింటి పేరే రాసింది, అదీ మన పద్ధతిలో, ముందు ఇంటిపేరు, తర్వాత నా పేరు. పెద్దాయన డబ్బా మోసుకొచ్చారు. తలుపు తీయగానే కాస్త వంగి, "తాటిపర్తి-సాన్?" అన్నారు. "సాన్" అంటే మన "గారు".

ఈ దేశం వచ్చాక నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు.

"అదే ఇంటిపేరని మీకెలా తెలిసింది?" అన్నాను.

"ముందు రాశారుగా. ముందు ఇల్లు, తర్వాతే మనిషి. జపాన్‌లోనూ అంతే."

అప్పట్నుంచీ ఆయనకి నేను తాటిపర్తి-సాన్‌నే. మా అమ్మాయి అప్పటికి చిన్నది, హడిలిపోయింది. "అమ్మా, లాస్ట్ నేమ్‌తో పిలిచారు! ఆర్ యూ ఇన్ ట్రబుల్?" మా ఆయనది ఇంకో గోల. "బాగుందోయ్. వీసా మీద, లైసెన్సు మీద కష్టపడి నా ఇంటిపేరు ఎక్కిస్తే, ఆవకాయ సీసాతో మీ నాన్నగారు తిరిగొచ్చేశారు."

ఆయన జీవితమంతా పూల నర్సరీ నడిపారు. దాన్ని మూసేశాక వెనక పెరట్లో కుండీలు పెట్టుకున్నారు. నేను ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో కాఫీ కప్పుతో ఫెన్సు దగ్గరికి వెళ్లేదాన్ని. చేతిలో పని ఆపకుండా మాట్లాడేవారు. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్. ప్రతి కుండీలో తెల్లటి ప్లాస్టిక్ పట్టీ, దాని మీద ఆ పెన్సిల్‌తో మొక్క పేరు. "పెన్ను ఎండకి పోతుంది. పెన్సిల్ పోదు," అనేవారు. నేను నమ్మలేదు. నాలుగేళ్ల నాటి పట్టీ ఒకటి తీసి చూపించారు. నిజమే.

ఆయన ఇంటిపేరు తనాకా. వరిమడుల మధ్య అని అర్థమట. వాళ్ల దేశంలో రైతులకి చాలాకాలం అధికారికంగా ఇంటిపేరు పెట్టుకునే వీలుండేది కాదని, తర్వాత ప్రభుత్వమే అందరూ పెట్టుకుని తీరాలంటే, చాలామంది కళ్లెదుట ఏముంటే అదే పెట్టుకున్నారని చెప్పారు. కొండ పక్కవాళ్లది కొండ పేరు, మడి మధ్యవాళ్లది మడి పేరు. కొందరికి ఊరి పేరే.

"మాదీ ఊరి పేరే. తాటిచెట్ల ఊరయ్యుంటుంది. నేనెప్పుడూ చూడలేదు," అన్నాను.

"చూడకపోయినా మోస్తున్నారుగా," అన్నారు.

ఆ మాటకి కొన్ని నెలల తర్వాత, నారు మడికి నీళ్లు చల్లుతూ మామూలుగా చెప్పారు, తనాకా తన పేరు కాదని. ఆయన రైతింటి రెండో కొడుకు. పాతికేళ్లు నిండకముందే నర్సరీలో పనికి ఇక్కడికొచ్చారు. యజమానిదీ జపానే, ఒక్కతే కూతురు. ఆమెని చేసుకుని, ఆ ఇంటికి కొడుకుగా దత్తత వెళ్లి, వాళ్ల ఇంటిపేరు తీసుకున్నారు. వాళ్లలో అది ఉన్న ఆచారమే. మన ఇల్లరికంలో అల్లుడు వస్తాడు గానీ ఇంటిపేరు మార్చుకోడని చెప్తే చాలాసేపు నవ్వారు. "అయితే మీ అల్లుళ్లు సగమే వచ్చినట్టు!"

నా పాస్‌పోర్టు సంగతి చెప్పాను. నీళ్ల గొట్టం కట్టేసి నా వైపు చూశారు. "మొదటి ఏడాది సంతకం పెడితే చెయ్యి నొప్పెట్టేది. మీక్కూడానా?"

నాక్కూడా అన్నాను. నిజంగా నొప్పెట్టిందో, ఆయన అడిగాక అలా అనిపించిందో ఇప్పుడు చెప్పలేను.

ఆయన పుట్టింటి పేరు కురిహారా. మగవాడి విషయంలో పుట్టిల్లు అనొచ్చో లేదో, నాకు మరో మాట దొరకలేదు. చెస్ట్‌నట్ చెట్ల బయలు అని అర్థం. ఆయన పుట్టిన పల్లె పేరూ అదే. ఆ పేరున్న ఊళ్లు జపాన్‌లో చాలా ఉన్నాయట, ఆయనది అన్నిటికన్నా చిన్నది. తర్వాత దాన్ని పక్క పట్నంలో కలిపేశారు. ఇప్పుడా పేరు ఒక బస్‌స్టాప్‌కి మాత్రం మిగిలింది.

ఒకరోజు, ఎందుకో, ఫెన్సు ఇవతలి నుంచి "కురిహారా-సాన్" అని పిలిచాను. ఆయన తిరగలేదు. వినబడలేదేమో అనుకున్నాను. కాసేపటికి కత్తెర కింద పెట్టి, "పలకడం మర్చిపోయాను," అన్నారు. ఆ తర్వాత చిన్నగా నవ్వి, "మళ్లీ పిలవకండి. మామగారికి మాటిచ్చాను," అన్నారు. యుద్ధం రోజుల్లో, జపాన్ వాళ్లన్న కారణంతో మామగారి కుటుంబాన్ని ఇక్కడి ప్రభుత్వం క్యాంపులో నిర్బంధించిందట. తిరిగొచ్చేసరికి తోట లేదు, సామాను లేదు. మిగిలిన పేరుతోనే మళ్లీ మొదలుపెట్టారట. ఆ పేరు నిలబెడతానని ఈయన ఇచ్చిన మాట అది. మళ్లీ పిలవలేదు.

పోయిన వసంతకాలంలో ఆయనే ఒక ఖాళీ పట్టీ, చెవి మీది పెన్సిలూ ఫెన్సు మీదుగా నాకిచ్చారు.

"ఆ పేరు మీ లిపిలో రాయండి."

"తెలుగులోనా? ఎందుకు?"

"మీ లిపి మా అమ్మాయికి రాదు."

కురిహారా అని రాసిచ్చాను. కళ్లజోడు సర్దుకుని, గుండ్రంగా ఉన్నాయే అని మెచ్చుకుని, పెద్ద కుండీలో ఉన్న చెస్ట్‌నట్ మొక్క మొదట్లో గుచ్చారు. కుండీలో ఉన్నన్నాళ్లూ అది కాయదని ఆయనకి తెలుసు. నేలలో నాటరేమని అడిగితే, తర్వాత చూద్దామన్నారు.

మొన్న గురువారం వాళ్లమ్మాయి ఆ పట్టీ పట్టుకుని మా ఇంటికొచ్చింది. నాకన్నా పదేళ్లు పెద్దది. తనూ తనాకాయే. పెళ్లయ్యాక కూడా ఆ పేరే ఉంచుకుంది, కొడుక్కీ అదే పెట్టుకుంది.

"ఇది మీ భాషే కదా? ఏం రాసుంది?"

"చెస్ట్‌నట్," అన్నాను.

అబద్ధం కాదు. సగమే నిజం.

కాఫీ ఇచ్చాను. తాగుతూ సమాధి రాయి గురించి చెప్పింది. అమ్మ పక్కన నాన్నకి వదిలిన చోటు ఉంది. రాయి చెక్కేవాళ్లకి వచ్చే శుక్రవారం లోపల ఏం రాయాలో చెప్పాలి. "నాన్నకి జపాన్‌లో ఇంకో పేరుండేదని చిన్నప్పుడు విన్నట్టు గుర్తు. అడిగితే మాట మార్చేవాడు. మీతోనే ఎక్కువ మాట్లాడాడు. ఏమైనా చెప్పాడా?"

"ఆలోచించి చెప్తాను," అన్నాను. ఆలోచించాల్సింది ఏముందని అడగలేదు, మంచి మనిషి. వెళ్తూ పట్టీ నా చేతికిచ్చి, మొక్క కూడా మీరే తీసుకోండి అంది.

ఈ రోజు బుధవారం. ఆ పేరు ఎవరికీ తెలియకూడదనుకుంటే నా చేత రాయించేవారే కాదు. తెలియాలనుకుంటే, ఇంట్లోవాళ్లు చదవలేని లిపిలో రాయించేవారు కాదు. ఆయన ఇచ్చిన మాట నేను నిలబెట్టాలా, ఆయన గుట్టుగా దాచుకున్నదాన్ని బయట పెట్టాలా? ఒక్కోసారి చెప్పేద్దామని ఫోను తీస్తాను. తీసి, ఇది ఆయన కోసమా, తాటిపర్తి కోసమా అని సందేహం వచ్చి మళ్లీ పెట్టేస్తాను. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. రేపు ఒక్కరోజే ఉంది.

కుండీ ఇప్పుడు మా పెరట్లో, ఫెన్సుకి ఇవతల ఉంది. పొద్దున వాన పడింది. వెళ్లి వంగి చూశాను. పట్టీ మీద మట్టి చిందింది, బొటనవేలితో తుడిచాను. పెన్సిల్ పోలేదు.